‘మీవాళ్ళే’ అన్న మేడం

ఎమ్మిగనూరులో మేడం వాళ్ళ వీధి మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఉన్నది ఆమేనని పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. జుట్టంతా నల్లగా ఉన్న రోజుల ఫోటో. కింద ‘అశ్రునివాళి’ అని పెద్ద అక్షరాలు, తమ్ముళ్ళ పేర్లు, గుండ్రంగా కత్తిరించిన మేనల్లుళ్ళ మొహాలు. ఆమె పేరుకు ముందు ‘ప్రముఖ మానసిక వైద్యురాలు’ అని వేయించారు. ఆమె వైద్యురాలు కాదు. ఎవరైనా అట్లా అంటే వెంటనే దిద్దేది, “నేను మందు రాయనప్పా, మాట వింటాను” అని. ఇప్పుడు దిద్దేవాళ్ళు లేరు కాబట్టి అది అట్లాగే గాలికి కొట్టుకుంటూ ఉంది.

నాకెవరూ కబురు చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తడుతుంది? గురువారం మధ్యాహ్నం ఆదోని బస్సు దిగి ఒకామె వస్తుందనీ, ముందు గదిలో తలుపేసుకుని మాట్లాడి పోతుందనీ మాత్రం ఆ ఇంట్లో తెలుసు. ఎవరు, ఏంటికి అని అడగకూడదని మేడం కట్టడి. వచ్చేవాళ్ళంతా వాళ్ళ దృష్టిలో పేషెంట్లే. లోపలికి పోతే వాళ్ళ చిన్నతమ్ముడు కుర్చీ చూపించాడు. దినం కూడా అయిపోయిందట. “ఇంగ మీరు వేరే డాక్టర్ని సూసుకోవల్సిందేనమ్మా,” అన్నాడు, ఓదార్పుగానే. నేను పేషెంటును కాదని చెప్పబుద్ధి కాలేదు. కాఫీ ఇస్తే తాగి వచ్చేశాను.

నేను ఆదోనిలో ఒక ట్రస్టు ఆస్పత్రిలో కౌన్సెలర్ని. మనసు బాగాలేనివాళ్ళతో కూర్చుని మాట్లాడటం నా పని. ఈ పనికి ఒక పద్ధతి ఉంది. పేషెంటు తన కష్టం మనకు చెప్పుకుంటే, మనం పోయి మనకంటే అనుభవం ఉన్నవాళ్ళకు చెప్పుకోవాలి. పేషెంటు పేరు ఎత్తకుండా, ఆ గదిలో ఏం జరిగింది, మనం ఏమన్నాం, ఎక్కడ తడబడ్డాం అని. దాన్ని సూపర్‌విజన్ అంటారు. మేడం ఎక్కడెక్కడో పెద్ద ఊళ్ళలో చాలాకాలం ఈ పని చేసి, చివరికి సొంతూరికి వచ్చి స్థిరపడింది. మా చుట్టుపక్కల ఆ చదువున్న మనిషి ఆమె ఒక్కతే. ఊళ్ళో ఆమెను పిచ్చిడాక్టరమ్మ అనేవాళ్ళు. మొదటిసారి పోయినప్పుడు ఆటో అతను, “పిచ్చిడాక్టరమ్మ ఇంటికా? ఎక్కక్కా, ఎక్కు,” అని, దారి పొడుగునా నన్ను అద్దంలో చూసుకుంటూ బహు నిదానంగా నడిపాడు. ఆ సంగతి చెప్తే మేడం పగలబడి నవ్వింది. “పోనీలే, వానికి దారి తెలుసు కదా!” అంది.

ఆ నవ్వు తర్వాత లేచి ఫ్యాను ఆపేసింది. ఎంత ఎండాకాలమైనా మాట మొదలయ్యాక ఆమె గదిలో ఫ్యాను తిరగదు. “దాని మాట అది మాట్లాడుకుంటాంటే నీ మాట నాకు యాడ వినపడతాది?” అనేది. నాకు చెమటలు కారుతుంటే ఆమె మాత్రం కాళ్ళకు సాక్సులు వేసుకుని కూర్చునేది. ఎమ్మిగనూరులో ఇంట్లో సాక్సులు వేసుకునే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. పక్కింట్లో మగ్గం ఆడుతూ ఉంటే దానికి ఆమెకు అభ్యంతరం లేదు. అది ఆగితే మాత్రం వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసేది.

ఒళ్ళో చేటలో వేయించిన శెనక్కాయలు పెట్టుకునేది. నేను చెప్తూ ఉంటే ఒలుస్తూ ఉండేది. ఒలిచిన పప్పు నా వైపు నెట్టేది గానీ తను ఒక్కటీ నోట్లో వేసుకునేది కాదు, నమిలితే చప్పుడవుతుందని. నేను తెలివిగా ఏదైనా దాటేశాననుకో, ఆ వేళ్ళు ఆగిపోయేవి. ఆమె మొహం చూసి ఏమీ తెలుసుకోలేం. కిటికీకి వీపు పెట్టి కూర్చునేది కాబట్టి వెలుగంతా నా కళ్ళల్లో పడేది, ఆమె మొహం నీడలో ఉండేది. అందుకని నేను చేతుల్నే చూస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

“పాపం” అనే మాట ఆ గదిలో నిషేధం. “పాపం అన్నావంటే నువ్వు గట్టు మీద ఉండావు, ఆమె నీళ్ళల్లో ఉంది,” అనేది. ఇంకొకటి, మాటిమాటికీ అనేది: “తొందరపడి అర్థం చేసుకోవద్దు.” పేషెంటు గురించి నేను గబగబా ఒక తీర్పు చెప్పేస్తే, “అప్పుడే అర్థమైపోయిందా నీకు? నాకు ఇంగా కాలే,” అనేది. అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న, “అప్పుడు నీకేమనిపించింది?” నేను పేషెంటు బాధ వర్ణించడం మొదలుపెడితే చెయ్యి అడ్డంగా ఊపేది. “ఆమెకు కాదు. నీకు.” ముప్పై ఏళ్ళు దాటిన నా జీవితంలో ఆ ప్రశ్న అంత ఓపికగా అడిగినవాళ్ళు లేరు. అమ్మ కూడా అడగలేదు, ఆమెకు తీరిక ఉంటే కదా.

మొదటి రోజు నా ఇంటిపేరు అడిగింది. దూదేకుల అని చెప్పగానే ఆమె గొంతు విప్పారింది. “అట్లనా! మా చిన్నప్పుడు మీవాళ్ళు ఒకాయన వచ్చేవాడు పరుపులు ఏకడానికి. పెరట్లో కూర్చుని దూది ఏకే ఆ విల్లు మీటుతాంటే నేను బడి ఎగ్గొట్టి వినేదాన్ని. ఎంత బాగుండేదో ఆ సప్పుడు,” అంది. నేను నవ్వాను. ఆమె ప్రేమగానే చెప్పిందని నాకు తెలుసు. నవ్విన తర్వాత బస్సులో మాత్రం ఆదోని దాకా దవడలు నొప్పి పుట్టాయి.

మా సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. మేం ముసల్మానులమే. మసీదుకు పోతాం, ఉపవాసాలు ఉంటాం. ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు. దూది ఏకడం మా తాతల పని, ఇప్పుడు మిషన్లొచ్చి అదీ పోయింది. హిందువులకు మేం సాయిబులం. ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం పింజారీలం. ఆ మాట ఎట్లాంటిదో ఈ ప్రాంతంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. తిట్టేవాళ్ళ నోట్లో అది ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

ఒక గురువారం మేడం తనే ఒక పేషెంటును నాకు అప్పజెప్పింది. ఆ అమ్మాయిని షబానా అంటాను, అసలు పేరు అది కాదు. ఇదంతా రాసుకోవచ్చని తనే ఒప్పుకుంది, పేరు మాత్రం మార్చమంది. ఆదోనిలో బట్టల వ్యాపారం చేసే ఉర్దూ కుటుంబం వాళ్ళది. తల్లి చనిపోయినప్పటి నుంచి షబానాకు ఏడుపు రావడం లేదు, అన్నం ముద్ద గొంతు దిగడం లేదు. ఒకసారి ఎమ్మిగనూరు వచ్చి మేడంను చూసింది. “అంత దూరం నుంచి తిరగడం ఏంటికి, ఆదోనిలోనే నువ్వుండావు కదా,” అంది మేడం నాతో. “మీవాళ్ళే. నీతో తొందరగా కలుస్తాది.”

నేను సరే మేడం అన్నాను.

షబానా మొదటి రోజే ఉర్దూలో మొదలుపెట్టింది. నా ఉర్దూ అంతంతమాత్రం. తెలుగులో జవాబిస్తే ఆగి, నా పేరున్న బోర్డు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. “మీరు పింజారీలా?” అంది. కోపం లేదు, వెటకారం కూడా లేదు. బట్ట పట్టుకుని ఇది నూలా, పాలిస్టరా అన్నట్టు అడిగింది. అవునన్నాను. “మా అమ్మీ చెప్పేది, పింజారీలకు నమాజు కూడా సక్కగా రాదని,” అంది. అక్కడి నుంచి ప్రతివారం నన్ను దిద్దడమే ఆమె పని అయింది. నేను ఒక ఉర్దూ మాట వాడితే, “గొంతులోంచి అనల్ల, ఇట్ల,” అని పలికి చూపించేది. వాళ్ళమ్మ గురించి అడిగితే, ఎంత శుభ్రమైన ఉర్దూ మాట్లాడేదో చెప్పేది. ఏడుపు రాలేదు. ముద్దా దిగలేదు. మనిషి వారం వారం చిక్కిపోతూ ఉంది, వాళ్ళాయన ఫోన్ చేసి ఇంకెన్నాళ్ళు అని అడుగుతున్నాడు.

ఇదంతా మేడంకు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “సూడు, వాళ్ళమ్మ ఈమెను దిద్దేది. ఇప్పుడు ఈమె నిన్ను దిద్దుతాంది. పోయిన అమ్మను తెచ్చి నీ ముందర కూర్చోబెడతాంది,” అంది. ఎంత అందంగా చెప్పిందో! నిజమే కూడా. అయినా నాకు ఒళ్ళు మండింది. “నీకేమనిపించింది?” అని అడిగింది. ఏం లేదు మేడం అన్నాను. శెనక్కాయ మీద వేళ్ళు ఆగిపోయాయి. ఆ రోజు మళ్ళీ కదల్లేదు.

కొన్ని వారాలు అట్లాగే గడిచాయి. చివరికి మేడమే కదిపింది. “అందరి గురించి మన మాటల్లో చెప్తావు. ఆయమ్మ దగ్గరికి వచ్చేసరికి నీ తెలుగు పుస్తకం తెలుగు అయిపోతాది. ఏంటికి?”

నాకే తెలియకుండా నా గొంతు లేచింది. “ఏంటికంటే మీరు మీవాళ్ళే అన్నారు కాబట్టి మేడం! ఎవురు మావాళ్ళు? ఆమె నన్ను పింజారిదాన్ని సూసినట్ల సూస్తాంది. మీకేమో సాయిబులంతా ఒగటే. మీ ఇంట్లో మేం పెరట్లో పరుపులేకేవాళ్ళం, వాళ్ళ ఇంట్లో నమాజు రానివాళ్ళం. ఆ సంగతి ఈడికొచ్చి మీకు చెప్పుకోవల్లంటే, మీరు అమ్మా కూతురు అని ఏందో చెప్తాండారు. మీ మొగం కూడా నాకు కనపడదు. మీరు కిటికీకి వీపు పెట్టుకుని కూర్చుంటారు, ఎండంతా నా కండ్లల్లోనే!”

ఎండ సంగతి ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. వచ్చాక ఏడుపు కూడా వచ్చింది.

మేడం చేట తీసి కింద పెట్టింది. నేను పని పోయిందనే అనుకున్నాను. ఈమె వద్దంటే ఈ చుట్టుపక్కల నాకు ఇంకో గురువు లేదు, గురువు లేకుండా ఈ పని చేయకూడదు.

“ఆ మాట నేనే అంటి,” అంది చివరికి. “తొందరపడి అర్థం చేసుకోవద్దని నీకు చెప్పుకుంటా, నేనే తొందరపడి అర్థం చేసేసుకుంటి. ఇద్దరూ ముసల్మానులు, సరిపోతాదిలే అని. నిన్ను ఆ గదిలోకి కట్టేసి పంపింది నేనే.” కింద ఉన్న చేటను చేత్తో పక్కకు జరిపింది. “మా పెరట్లోకి వచ్చే ఆయన పేరు నాకు తెల్దు. మా ఇంట్లో ఎవురికీ తెల్దు. అడగల్లని తోయలే.”

నేను కళ్ళు తుడుచుకుని, “పర్లేదు మేడం,” అన్నాను.

“ఇదో, అందుకే నేను నిన్ను క్షమించమని అడగను,” అంది. “అడిగితే నువ్వు పర్లేదు మేడం అంటావు. నాకు హాయిగా ఉంటాది, నీ కోపం మళ్ళా నీ ఒళ్ళోకే వస్తాది. కోపంగానే ఉండు. వచ్చేవారం కూడా కోపంగానే రా.”

నిజంగానే కోపంగా పోయాను. గదిలో కుర్చీలు మార్చి ఉన్నాయి. కిటికీ పక్కన నా కుర్చీ. ఎదురుగా, ఎండ పడేచోట ఆమె కూర్చుంది. కళ్ళు చికిలించుకుంటూ, “నిజమే, ఎట్ల కూర్చుంటివే ఇన్నాళ్ళు ఈడ?” అంది. అప్పుడే మొదటిసారి ఆమె మొహాన్ని పట్టపగలు పూర్తిగా చూశాను. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. కళ్ళు పసుపు రాసినట్టు పచ్చగా ఉన్నాయి.

“మేడం, ఒంట్లో...” అని మొదలుపెట్టాను.

“షబానాకు ఏమని చెప్పినావు ఈ వారం?” అంది మెత్తగా. ఆ మెత్తదనం వెనక తలుపు గడియ పడింది. నా గురించి ఆమెకు తెలియనిది లేదు. నా పెళ్ళి చెడటం, అమ్మతో తగాదాలు, నిద్రలో పళ్ళు కొరకడం, అన్నీ ఆ గదిలో పరిచాను. ఆమె గురించి నాకు తెలిసింది సాక్సులూ శెనక్కాయలే. పద్ధతి అదే, పద్ధతికి కారణాలు ఉన్నాయి, అవన్నీ నేనూ చదివాను. అయినా ఆ కళ్ళను చూసి కూడా అడగలేని కట్టడి ఒక కట్టడేనా? ఇప్పటికీ దాని మీద నాకు కోపం తగ్గలేదు.

ఆ వారమే షబానాతో ఒక మాట అన్నాను. “నాకు ఉర్దూ సక్కగా రాదు. మీరన్నట్ల మేం పింజారీలమే. నన్ను దిద్దుతా ఉంటే మీకు ఎట్లుంటాదో నాకు తెల్దు గానీ, నాకు కష్టంగా ఉంది. నా ముందర కూర్చోవడం మీకూ కష్టంగా ఉందా?”

షబానా దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఉర్దూలో ఏదో మొదలుపెట్టి ఆపేసింది. తర్వాత, అన్ని వారాల్లో మొదటిసారి, వరసగా తెలుగులో మాట్లాడింది.

“అమ్మీకి జ్వరం ఎక్కువైన రోజుల్లో నేనే పక్కన ఉంటిని. ఉర్దూ మర్చిపోయింది. ఒగ మాట రాల్యా. ‘అమ్మా, నీళ్ళు పొయ్‌మే’ అంటాది. ‘నాయన దూది మూట ఎత్తుకోని వస్తాండాడు, వాకిలి తియ్’ అంటాది. అంతా తెలుగే. మా ఇంట్లో ఎవురికీ తెల్దు. నేను గదిలోకి ఎవుర్నీ రానీలే. గ్లాసుతో నీళ్ళు పెట్టుకోని, అమ్మీ, ఉర్దూలో అడుగు, ఉర్దూలో అడిగితేనే ఇస్తా అంటిని. అడగల్యా. అట్లనే...”

అక్కడ ఆమెకు ఏడుపు వచ్చింది. ఎట్లా వచ్చిందో రాయను. పక్కగదిలో నర్సు పరుగెత్తుకుని వచ్చింది, నేను చెయ్యి చూపించి వెనక్కి పంపాను. వెళ్ళేముందు షబానా ఆస్పత్రి క్యాంటీన్లో ఉప్మా తిన్నదని తర్వాత క్యాంటీన్ ఆమె చెప్పింది.

గురువారం దాకా ఆగడం నాకు చేతకాలేదు. బస్సులో మెట్టు మీద నిలబడి పోయాను. మేడం ఎండలోనే కూర్చుని ఉంది. చేట లేదు, చేతులు ఊరికే ఒళ్ళో ఉన్నాయి. నేను మొత్తం చెప్పాను. పింజారీలను అంత మాట అన్న తల్లి మా ఇండ్లల్లో పుట్టిన బిడ్డేనని చెప్పాను. “మీరన్నదే నిజమైంది మేడం. మావాళ్ళే!” అన్నాను. ఆమెకు సంతోషమవుతుందనుకున్నాను. నా గొంతులో అదొక కానుక ఇస్తున్నట్టుగా ఉంది.

ఆమె తల అడ్డంగా ఊపింది. “నిజమైనా, నేనన్నది తప్పే,” అంది. “నాకు తెలిసి అనలే. గుడ్డిగా అంటి. అది నిజమైందని నన్ను విడిచిపెట్టద్దు నువ్వు.” కాసేపటికి, “ఆ బిడ్డ నీళ్ళ గ్లాసు పట్టుకోని నిలబడింది కదా... ఎంత భయపడి ఉంటాదో,” అంది. ఆమె పచ్చటి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. ఆ రోజు నేను ఎదురు ప్రశ్న వేశాను. “మీకేమనిపించింది మేడం?” అన్నాను. నవ్వింది. “నాకా? ఇట్లాంటిది ఇంగొకటి వినేంత టైము ఉంటే బాగుండని,” అంది. అంతకు మించి గడియ తీయలేదు.

తర్వాత ఫోన్ చేసి, ఈ వారం వద్దు అంది. ఆ పై వారం కూడా వద్దు అంది, గొంతు గుర్తుపట్టలేనంత సన్నగా ఉంది. ఆ పై రెండు వారాలు ఫోనే రాలేదు కాబట్టి నేను బస్సెక్కాను. అప్పుడే ఆ ఫ్లెక్సీ.

చుట్టం కాదు, స్నేహితురాలు కాదు. ఏడవడానికి ఏ పేరుతో ఏడవాలో తెలియలేదు. అమ్మకు చెప్తే, “ఎవురు, నువ్వు పోతావు చూడు ఆ పిచ్చిడాక్టరమ్మనా? పెద్ద వయసేనా?” అని చెట్నీ రుబ్బుకోవడానికి పోయింది. మామూలుగా అయితే ఇట్లాంటివన్నీ నేను ఎత్తుకుపోయేది ఎమ్మిగనూరుకే. ఆమె పోయిన దుఃఖాన్ని విప్పుకోవాల్సింది కూడా ఆమె ముందరే. ఇప్పుడు అది నా దగ్గరే ఉండిపోయింది.

ఆ శనివారం షబానా వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. కూర్చుని, మాట మొదలుపెట్టకుండా నన్ను చూసింది. “మీకు ఎవురన్నా పోయినారా?” అంది.

పేషెంటు అట్లా అడిగితే ఏం చేయాలో నాకు నేర్పారు. మీకెందుకట్లా అనిపించింది అని ప్రశ్నను వాళ్ళకే తిప్పి ఇవ్వాలి. అది సరైన పద్ధతేనా అని అడగడానికి గురువారం ఇక లేదు. నేను నోరు తెరిచి, “అవును,” అన్నాను. “నాకు ఈ పని నేర్పినామె.”

“నన్ను ఈడికి పంపించిన ఆయమ్మనా?”

తలూపాను. షబానా తన సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, నా ముందు పెట్టింది. ఏ భాషలోనూ ఏమీ అనలేదు. నేను తాగాను. తాగాక అప్పటిదాకా రానిది వచ్చింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకోలేదు, ఓదార్చలేదు, బయటికీ పోలేదు. ఎదురుగా కూర్చుని ఉంది, అంతే.

ఆ రోజు గంట అయిపోయిందని చెప్పి లేచింది ఆమే.